గుడివాడలో సముద్రం లేదు

మచిలీపట్నం,
ఏప్రిల్ 18.

అత్తయ్యకు ఏంజెల్ వందనాలు.

నీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. కొరియర్ వాళ్ళు తప్ప పోస్ట్‌మ్యాన్ మా ఆఫీసు మెట్లెక్కి మూడేళ్ళయిందట. ఆయన లోపలిదాకా వచ్చి, ఏంజెల్ ఎవరని అడిగి, నా మొహం చూసి మరీ ఇచ్చి వెళ్ళాడు. ఉత్తరాలు రాసే మేనత్త ఉన్న మనిషిగా ఇప్పుడు నేనిక్కడ ఒక వింత. మా అత్తయ్యకి చెవులు పూర్తిగా పోయాయనీ, కంటి ఆపరేషను తరవాత ఫోను వెలుగు చూస్తే నీళ్ళు కారతాయనీ చెప్పాను. అసలు నీకు ఉత్తరాలంటేనే ఇష్టమనీ, ఆ రెండూ దొరికిన సాకులనీ మాత్రం చెప్పలేదు.

నేను చేసే పనేమిటని మా నాన్నని అడిగితే "కంప్యూటర్లు" అని ఊరుకున్నాడని రాశావు. నీ తమ్ముడికి అంతకంటే తెలియదులే. నేను చెబుతాను విను.

మా కంపెనీ పడవల వాళ్ళ కోసం ఒక యాప్ చేసింది. బందరు నుంచి మీ దివిసీమ దాకా పదకొండు రేవుల్లో, సంఘంలో ఉన్న పడవలు మూడు వందల పన్నెండు. ప్రతి పడవలో ఒక ఫోను. ఆ ఫోను ఎప్పుడూ మా సర్వర్‌ని పట్టుకునే ఉంటుంది. గాలి మారుతోందనో, వెంటనే వెనక్కి తిరగమనో హెచ్చరిక వస్తే, సిగ్నల్ అందే దూరంలో ఉన్న ప్రతి పడవలోనూ సైరన్‌లా మోగుతుంది. పడవలో ఉన్నవాళ్ళు "విన్నాం" అని నొక్కితే, ఒడ్డున ఉన్న ఇంట్లోవాళ్ళ ఫోనులో పచ్చగా వెలుగుతుంది.

ఇక నా పని. సర్వర్ ఒక్కటే ఉండి అది పాడైతే ఆ రోజు అందరూ మూగవాళ్ళయిపోతారు కదా. అందుకని రెండు పెట్టాం. ఒకటి ఇక్కడ బందరులో మా ఆఫీసులో, రెండోది గుడివాడలో ఒక మేడ మీద గదిలో. పడవల ఫోన్లు సగం దీన్ని పట్టుకుంటాయి, సగం దాన్ని. ఒకటి పడిపోతే దాన్ని పట్టుకున్న ఫోన్లన్నీ వాటంతటవే రెండోదాని దగ్గరికి వెళ్ళిపోతాయి. మారినట్టు పడవవాడికి తెలియను కూడా తెలియదు. ఈ ఏర్పాటంతా నాదే, పరీక్షించిందీ నేనే. "అన్ని ఫోన్లూ మారుతున్నవి" అని రాసి సంతకం పెట్టి మా యజమాని శామ్యూల్ రాజ్ గారికి ఇస్తే, ఆయన పడవల సంఘం మీటింగులో చదివి వినిపించారు. నీ మేనకోడలి పేరు మైకులో వచ్చింది మరి.

ఇప్పుడు వేట నిషేధం కదా. గిలకలదిండిలో బోట్లన్నీ ఒకదాన్ని ఒకటి ఆనుకుని నిలబడ్డాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటున్నారు. జూన్ పదిహేనున మళ్ళీ వేటకి వెళ్ళేటప్పుడు పాత వైర్‌లెస్ సెట్లు ఒడ్డునే వదిలేసి, మా యాప్ ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్తారు. అప్పటిదాకా నాకు పెద్ద పని లేదు. గుడివాడ సర్వర్‌కి నాకంటే తక్కువ పని. ఎనిమిది నెలలుగా ప్రయోగం నడుస్తుంటే బందరు సర్వర్ చాకిరీ అంతా చేస్తోంది, అది మాత్రం చల్లని గదిలో కూర్చుని ఓ ముప్పై ఫోన్లు చూసుకుంటోంది. పుట్టింటికొచ్చిన కూతురని దానికి పేరు పెట్టాం.

చెవి మెషిను మళ్ళీ పెట్టెలో పడేశావా?

నీ ఏంజెల్.


నాగాయలంక,
ఏప్రిల్ 25.

ఏంజెల్‌కు ఆనందమ్మ అత్తయ్య దీవెనలు.

మెషిను పెట్టెలోనే ఉంది. దాన్ని పెట్టుకుంటే మనుషుల మాటలు తప్ప లోకంలో ఉన్న చప్పుళ్ళన్నీ వినిపిస్తున్నాయి.

నీ ఉత్తరం వీరమ్మకి చదివి వినిపించాను. వీరమ్మ ఎవరో గుర్తుందా, సొర్లగొంది నుంచి చేపల గంప తెచ్చి పొద్దున్నే మా అరుగు మీద ఒక్క నిమిషం కూర్చుంటుంది. నన్ను టెలిఫోనమ్మగారు అంటుంది. నా గొంతు నాకు వినపడదు కదా, నేను చదివింది వీధి చివరిదాకా వినిపించిందట. కాబట్టి మైకులో నీ పేరు రెండోసారి కూడా వచ్చినట్టే అనుకో.

నువ్వు రాసింది నాకు కొత్తగా అనిపించలేదు. నేను మొదట ఉద్యోగం చేసిన చిన్న ఎక్స్ఛేంజిలోనూ రెండు బోర్డులుండేవి, ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఎవరైనా ఫోను చేస్తే వాళ్ళ నంబరు మీదున్న చిన్న రేకు టక్కున కిందికి పడేది. మేం తీగ తీసి అందులో గుచ్చి "నంబరు ప్లీజ్" అనేవాళ్ళం. ఊళ్ళు సగం నా బోర్డు మీద, సగం పక్క అమ్మాయి బోర్డు మీద. ఎవరైనా లేవాల్సి వస్తే పద్ధతి ఒకటుండేది. పక్కనున్న అమ్మాయి భుజం తట్టి "నా బోర్డు చూడు" అనాలి. ఆమె "చూస్తున్నాను" అనాలి. ఆ మాట వినేదాకా చెవికున్న హెడ్‌ఫోను తీయకూడదు, కుర్చీలోంచి లేవకూడదు. మీ ఫోన్లు బందరు నుంచి గుడివాడకి మారేటప్పుడు అటువైపు నుంచి "చూస్తున్నాను" అని ఎవరంటారు? అది నువ్వు రాయలేదు.

ఇంకొకటి. పక్క బోర్డు మీద గంటసేపు ఒక్క రేకూ పడకపోతే మా సూపర్‌వైజరు హమ్మయ్య అనుకునేది కాదు. లేచి వచ్చి తీగలు చూసేది. మూడు వందల పన్నెండులో సగం ఎంతే? నాకు లెక్కలు రావులే, ముప్పై కాదని మాత్రం తెలుసు.

గుడివాడ అన్న మాట రాగానే వీరమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె మాట్లాడితే పెదవులతోపాటు చేతులు కూడా మాట్లాడతాయి కాబట్టి నాకు ఒక్క ముక్క పోదు. వాళ్ళబ్బాయి దుర్గారావు ఫోనులో మీ యాప్ పెట్టినప్పుడు రెండు పేర్లు కనిపించాయట, బందరు, గుడివాడ అని. సొర్లగొంది వాళ్ళందరూ కలిసి ఆ గుడివాడని తీయించేశారట. "గుడివాడలో సముద్రం ఎక్కడుందమ్మా? గాలి సంగతి ఆళ్ళకేం తెలుసుద్ది? బందరోళ్ళయితే ఎదురుగా కూర్చుని చూసి చెబుతారు" అంది. ఫోన్లు పెట్టడానికి వచ్చినాయన మంచివాడట, అడగ్గానే తీసేశాడట. మిగతా రేవుల వాళ్ళు కూడా అది విని తీయించుకున్నారట.

ఇందులో మంచేమిటో చెడేమిటో నాకు పూర్తిగా తెలియదు. నీకు తెలుస్తుందని రాస్తున్నాను.

అత్తయ్య.


మచిలీపట్నం,
మే 2.

అత్తయ్యకు,

ఉత్తరం అందింది. వీరమ్మగారు చెప్పింది నిజమే, చూశాను. అది కళ్యాణ్ అన్నయ్య చేసిన పని. ఆయన ఇదివరకు కేబుల్ టీవీ నడిపేవాడు, నలభై అయిదేళ్ళు ఉంటాయి, మా దగ్గర కాంట్రాక్టు మీద ఫోన్లు పెట్టే పని చేస్తాడు. జనం ఏది అడిగితే అది చేసేస్తాడు, ఆఫీసులో చెప్పడు. ఏం చెయ్యమంటావు.

కంగారు పడాల్సిందేమీ లేదు. బందరు సర్వర్ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆగలేదు. వేట మొదలయ్యాక మెల్లగా ఒక్కో రేవుకీ వెళ్ళి సరిచేస్తాం.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మామిడికాయలు వచ్చాయి, అమ్మ ముక్కలు కొట్టించింది. ఈసారి ఆవకాయలో వెల్లుల్లి ఎక్కువ వేస్తానంటోంది, నీకు ఒక సీసా పంపుతుంది. కాయ పుల్లగా, గట్టిగా ఉంది. నూనె గానుగ నుంచి తెప్పించాం.

నా ఉత్తరాలు ఇకనుంచి పైకి చదవకు.

ఏంజెల్.


నాగాయలంక,
మే 8.

ఏంజెల్‌కు,

నీకు ఇరవై తొమ్మిదేళ్ళొచ్చాయి, నువ్వు ఏదైనా దాచేటప్పుడు మామిడికాయల గురించి మాట్లాడతావని నాకిప్పుడే తెలిసింది. అడిగిన రెండు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు గాని గానుగ నూనె గురించి మాత్రం వివరంగా రాశావు. ఈ ఉత్తరం పైకి చదవలేదులే. ఇది రాసేటప్పుడు కూడా వీధి తలుపు వేసుకున్నాను.

నీకొక సంగతి చెబుతాను. మీ నాన్నకి తెలియదు. చచ్చిపోయిన మీ మావయ్యకీ చెప్పలేదు.

ఆ ఎక్స్ఛేంజిలో నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు వసుంధర. మొవ్వ వాళ్ళు. నాకంటే ఏడాది చిన్నది, నాకంటే బాగా పనిచేసేది. ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి కిటికీ కిందికి గాజులవాడు వచ్చాడు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. వసుంధర భుజం తట్టి "నా బోర్డు చూడు" అని లేచి వెళ్ళిపోయాను. ఆమె ట్రంకు కాల్‌లో ఉంది, చెవులకి హెడ్‌ఫోను బిగించుకుని అటువైపు నంబరు రాసుకుంటోంది. "చూస్తున్నాను" అనలేదు. నేను ఆగలేదు. ఆకుపచ్చ గాజులు డజను బేరమాడి, తొడిగించుకుని వచ్చేసరికి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల్లో నా బోర్డు మీద ఒక ఊరి రేకు పడి ఉంది. అక్కడ ఒకాయన కూతురికి పాము కరిస్తే డాక్టరు జీపు కోసం ఫోను పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల బతికింది. పాదం తీసేయాల్సి వచ్చింది.

విచారణకి పైనుంచి ఒకాయన వచ్చాడు. ఏం జరిగిందని నన్ను అడిగితే "వసుంధరకి చెప్పే లేచానండి" అన్నాను. అది నిజమే. భుజం కూడా తట్టాను, అదీ నిజమే. వసుంధరని అడిగితే తనకి వినపడలేదంది. ఎవరూ నమ్మలేదు. నా వైపు ఒక్కసారి చూసింది, "ఆగలేదని నువ్వు చెప్పు" అన్నట్టు. నేను గాజులు కనపడకుండా చేతులు పైటలో పెట్టుకున్నాను. ఆమెని ఎక్కడికో దూరం బదిలీ చేశారు, ఏడాది తిరగకుండా ఉద్యోగం మానేసి వచ్చేసింది. నేను ముప్పై ఆరేళ్ళు సర్వీసు చేసి, దండలు వేయించుకుని రిటైరయ్యాను.

చెవులు పోయినప్పుడు అందరూ అయ్యో అన్నారు, ముప్పై ఆరేళ్ళు చెవికి ఆ బరువు పెట్టుకున్నందుకు ఇలా అయ్యిందని. నేను మాత్రం ఇంకోలా అనుకున్నాను. అది దేవుడికీ నాకూ మధ్య సంగతి.

ఇప్పుడు చెప్పు. ఆ కళ్యాణ్ నిజంగా నీకు చెప్పలేదా?

అత్తయ్య.


మచిలీపట్నం,
మే 15.

అత్తయ్యా,

చెప్పాడు.

ఫిబ్రవరిలో సొర్లగొంది రేవు నుంచి ఫోను చేసి చెప్పాడు. వీళ్ళు గుడివాడ వద్దంటున్నారమ్మా, తీసేయమంటారా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. వాళ్ళ సరదా ఎందుకు కాదనాలి, ప్రస్తుతానికి తీసెయ్యి, తరవాత నేను ఆఫీసు నుంచి అన్నిటికీ ఒకేసారి పెట్టేస్తాను అన్నాను. తరవాత చూస్తే అది ఆఫీసు నుంచి కుదిరే పని కాదు. ఫోను గలవాళ్ళు చెప్పి చేత్తో మార్పించినదాన్ని మేం దూరం నుంచి మార్చకూడదని ముందే రాసుకున్నాం, ఆ నియమం పెట్టిందీ నేనే. ప్రతి ఫోనూ చేతికి తీసుకుని సరిచేయాలి. రేపు చేద్దాం, వచ్చే వారం చేద్దాం అనుకుంటూ వదిలేశాను. సంతకం పెట్టే రోజు వచ్చేసరికి ఆఫీసు బల్ల మీద ఆరు ఫోన్లు పెట్టుకుని, బందరు సర్వర్ ఆపి చూశాను. ఆరూ చక్కగా గుడివాడకి మారాయి. "అన్ని ఫోన్లూ" అని రాశాను. బల్ల మీద ఉన్నవన్నీ మారాయి కాబట్టి అది అబద్ధం కాదని అప్పుడు అనిపించింది. నువ్వు భుజం తట్టిన మాట చదివినప్పుడు నాకు ఆ బల్లే గుర్తొచ్చింది.

నీ ఉత్తరం వచ్చాక లెక్క తీశాను. రెండు వందల ఎనభై ఒక్క ఫోన్లలో బందరు ఒక్కటే ఉంది. గాలివాన వస్తే మొదట కరెంటు పోయేది బందరులోనే. అంటే హెచ్చరిక ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే రెండు వందల ఎనభై ఒక్క పడవలు చెవిటివవుతాయి. నన్ను క్షమించు, ఆ మాట రాయకుండా ఉండాల్సింది.

మంగళవారం పొద్దున శామ్యూల్ రాజ్ సార్ గదిలోకి వెళ్ళాను. కళ్యాణ్ అన్నయ్య అక్కడే ఉన్నాడు, ఏవో కొత్త ఫోన్లు లెక్కపెడుతున్నాడు. ఫోన్లలో గుడివాడ పేరు తీసేసి ఉందని సార్‌తో అన్నాను. సార్ వెంటనే ఆయన వైపు తిరిగి, ఎవరినడిగి తీశావని అడిగారు. అన్నయ్య తల వంచుకుని ఫోన్లు లెక్కపెడుతూనే ఉన్నాడు. నా పేరు చెప్పలేదు అత్తయ్యా. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, జూన్‌లో కాంట్రాక్టు అయిపోతుంది, అయినా చెప్పలేదు. వసుంధరగారు నీ వైపు చూశారని రాశావు. ఈయన నా వైపు చూడను కూడా లేదు. అది ఇంకా భరించలేకపోయాను.

"ఫిబ్రవరిలోనే నన్ను అడిగాడు సార్. తీసెయ్యమన్నది నేనే. పరీక్ష కూడా ఆరు ఫోన్లతోనే చేశాను" అన్నాను.

సార్ అరిచే మనిషి కాదు, అరిచినా బాగుండేది. నేను సంతకం పెట్టిన కాగితం బయటికి తీసి, అడ్డంగా గీత కొట్టి, నా చేతికిచ్చారు. ఏడాదిపాటు ఏ కాగితం మీదా నా సంతకం ఉండకూడదన్నారు. పదకొండు రేవులకీ నేనే వెళ్ళాలనీ, ఫోన్లు సరిచేయడం కంటే ముందు ఏం జరిగిందో నా నోటితో చెప్పాలనీ అన్నారు. సంఘం ప్రెసిడెంటు గంగాధరరావుగారు ఒప్పందం వద్దంటే వద్దనుకోవాల్సిందేనట. అలా జరిగితే కంపెనీలో సగం మందికి పని ఉండదు.

ఇరవై ఆరున సొర్లగొంది వస్తున్నాను. నాకు చాలా భయంగా ఉంది. నువ్వు వస్తావా?

ఏంజెల్.


నాగాయలంక,
మే 30.

ఏంజెల్‌కు దీవెనలు.

నువ్వు కోడూరు వైపు వెళ్ళిపోయావు గాని ఇక్కడ ఇంకా నీ కబుర్లే. ఆ రోజు రేవులో నీకు కనపడనిది నాకు కనపడింది, అది రాద్దామని కూర్చున్నాను.

నేను వెనకాల వలల కుప్ప పక్కన వీరమ్మతో కూర్చున్నానా, నువ్వు లేచి మాట్లాడటం మొదలుపెట్టావు. నాకు ఒక్క మాట వినపడలేదు, అందరి మొహాలూ మాత్రం కనపడ్డాయి. మొదట ఎవరూ నీ వైపు చూడలేదు, వలలు అల్లుకుంటున్నారు. తరవాత ఒక్కొక్కరి చెయ్యీ ఆగింది. నువ్వు కళ్ళు తుడుచుకున్నావు, అప్పుడు దుర్గారావు లేచి ఏదో గట్టిగా అడిగాడు. వాడి మెడ నరాలు కనపడ్డాయి. వీరమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నీ కోసం నొక్కిందో, వాడి కోసం నొక్కిందో. ఈ జూన్‌లో తన కొడుకు ఒంటి తీగ మీద సముద్రంలోకి వెళ్ళేవాడని ఆమెకి అప్పుడే అర్థమైంది.

గంగాధరరావు లేచి నీకు ఎదురుగా నిలబడటం చూసి ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన అన్నది వీరమ్మ తరవాత రెండుసార్లు చెప్పింది. "గుడివాడలో సముద్రం లేదు కాబట్టే అక్కడ పెట్టామని ఆ రోజే చెప్పుంటే మేమెందుకు తీయిస్తామమ్మా? మీరు మిషను గురించి చెప్పారు గాని, అది అక్కడెందుకుందో ఎవరన్నా చెప్పారా?" అన్నాడట. కోపంగానే అన్నాడట, న్యాయంగానూ అన్నాడు. మా ఎక్స్ఛేంజిలో కూడా ఆ పద్ధతి ఎందుకు పెట్టారో నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆగేదాన్నని అనను. అడిగి ఉండాల్సింది.

ఆ చీటీల మాట నీకు ఎలా తట్టిందే? ఏ పడవకి బందరు, ఏ పడవకి గుడివాడ అని కొట్టుకోబోతుంటే, "నది సముద్రంలో కలిసే మొవలో వల వేసే చోటుకి మీరు పొద్దున్నే చీటీలు తీసుకుంటారు కదా, ప్రతి ఫోనూ పొద్దున్నే అలాగే చీటీ తీస్తుంది, ఏది వస్తే దాన్ని పట్టుకుంటుంది, అది పోతే రెండోదాన్ని పట్టుకుంటుంది" అన్నావట. అక్కడితో అందరూ చల్లబడ్డారట. చీటీలో వచ్చిన చోటుకి వాళ్ళు తరతరాలుగా వంక పెట్టలేదు.

పాత వైర్‌లెస్ సెట్లు ఈ ఒక్క సీజనూ పడవల్లోనే ఉంటాయని గంగాధరరావు పెట్టిన షరతు నీకు చిన్నతనంగా అనిపించిందని వెళ్ళేటప్పుడు నీ మొహంలో చూశాను. అనిపించనీ. నీ మీద నమ్మకం లేక పెట్టాడు, అది నువ్వు మళ్ళీ సంపాదించుకోవాలి.

ఒక్క అనుమానం. బందరు పడిపోతే సగం ఫోన్లు ఒకేసారి గుడివాడ మీద పడతాయి కదా. ఇక్కడ అవనిగడ్డ బస్సు ఆగగానే అందరూ ఒకే తలుపు దగ్గరికి తోసుకుని, చివరికి ఎవరూ ఎక్కలేకపోవడం రోజూ చూస్తున్నాను.

అత్తయ్య.


మచిలీపట్నం,
జూన్ 14, ఆదివారం.

అత్తయ్యా,

గుడి నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా రాస్తున్నాను.

నీ బస్సు మాట అక్షరాలా జరిగింది. ఆరో తేదీన మొదటి పరీక్ష చేశాం. బందరు ఆపగానే నూట యాభై ఫోన్లు ఒకే క్షణంలో గుడివాడ తలుపు కొట్టాయి. అది ఉక్కిరిబిక్కిరై ఎవరికీ జవాబివ్వలేదు. జవాబు రాలేదని అన్నీ మళ్ళీ కొట్టాయి, మళ్ళీ ఒకేసారి. నాలుగు నిమిషాలు రెండు సర్వర్లూ లేనట్టే. శామ్యూల్ రాజ్ సార్ ముందు, గంగాధరరావుగారి ముందు. నాకు అక్కడినుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది, కూర్చున్నాను.

వారం రోజులు దాని మీదే పనిచేశాను. ఇప్పుడు ప్రతి ఫోనూ తలుపు కొట్టే ముందు ఒక్కొక్కటీ ఒక్కోలా కాసేపు ఆగుతుంది, ఒకటేమో రెండు సెకన్లు, ఇంకొకటి తొమ్మిది. మొదటిసారి అందకపోతే ఇంకొంచెం ఎక్కువ ఆగుతుంది. ఏప్రిల్‌లో నువ్వడిగిన మొదటి ప్రశ్నకి కూడా జవాబు దొరికింది. గుడివాడ "చూస్తున్నాను" అని తిరిగి చెప్పేదాకా ఏ ఫోనూ తను మారినట్టు అనుకోదు, ఆ మాట వచ్చాకే పడవలోనూ, ఒడ్డున ఇంట్లోవాళ్ళ ఫోనులోనూ తెరమీద పచ్చ గీత వస్తుంది. పది సెకన్లకొకసారి ఫోను మళ్ళీ అడుగుతుంది, సర్వర్ మళ్ళీ చెబుతుంది. ఆ సందేశానికి అసలు పేరేదో ఉంది గాని, మేం మాత్రం నీ మాటే పెట్టాం. ఎవరిదని సార్ అడిగితే మా అత్తయ్యదని చెప్పాను.

నిన్న పదకొండు గంటలకి అసలు పరీక్ష. పదకొండు రేవుల్లోనూ పడవల దగ్గర మనుషులు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. కళ్యాణ్ అన్నయ్య గుడివాడలో, నేను బందరులో. కంప్యూటరులో నొక్కి ఆపడం కాదు, కరెంటు తీగే పీకమన్నారు గంగాధరరావుగారు, గాలి చెప్పి రాదు కదా అని. పీకాను. గదిలో సర్వర్ రొద ఆగిపోయింది. అన్నయ్య ఫోనులో అంకెలు చెబుతూ ఉన్నాడు, నూట యాభై ఎనిమిది, నూట ఎనభై, రెండు వందల ముప్పై, రెండు వందల తొంభై. అక్కడ ఆగాడు. మూడు వందల పది, అన్నాడు. ముప్పై ఎనిమిది సెకన్లు పట్టింది.

రాని రెండింట్లో ఒకటి గిలకలదిండిలో నీళ్ళలో పడిన ఫోను. రెండోది దుర్గారావుది. మేం వచ్చిన రోజు అంత గట్టిగా అడిగినవాడు, ఫోను ఇవ్వకుండానే పెదపారుపూడిలో పెళ్ళికి వెళ్ళిపోయాడట. సాయంత్రం అన్నయ్య అటునుంచి అటే వెళ్ళి, పెళ్ళి భోజనం చేసి మరీ సరిచేసి వచ్చాడు.

కొత్త కాగితం సార్ సంతకంతో వెళ్ళింది. "మూడు వందల పన్నెండులో మూడు వందల పది గుడివాడకి అందినవి, మిగిలిన రెండూ తరవాత సరిచేసినవి" అని అంకెలతో సహా నేను రాసిచ్చాను. కింద కళ్యాణ్ అన్నయ్య పేరు కూడా రాయమని అడిగితే రాశారు.

రేపు తెల్లవారుజామున పడవలు వెళ్తున్నాయి. నేను గిలకలదిండి వెళ్ళి చూస్తాను.

నువ్వు వసుంధరగారి గురించి మళ్ళీ రాయలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఏంజెల్.


నాగాయలంక,
జూన్ 21.

ఏంజెల్‌కు అత్తయ్య దీవెనలు.

పడవలు వెళ్ళిన రోజు వీరమ్మ గంప ఎత్తుకోకుండా ఫోను పట్టుకుని మా అరుగు మీదే కూర్చుంది. పచ్చగా ఉందా, పచ్చగా ఉందా అని నాకు పదిసార్లు చూపించింది. నాకు కళ్ళ నీళ్ళు కారాయి, ఆ వెలుగుకే అనుకో. ఆ రోజు దుర్గారావు ఫోను గుడివాడని పట్టుకుందట. ఏం చేస్తాం, చీటీ అలా వచ్చింది అంది.

అడిగావు కదా. గురువారం చల్లపల్లి దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకొకటి మారి మొవ్వ వెళ్ళాను. వాళ్ళ అన్న కొడుకు ఇల్లు అడిగితే చూపించారు. వసుంధర అక్కడే ఉంటోంది. జుట్టంతా తెల్లబడింది, చిక్కిపోయింది. నన్ను చూసి ఎవరని అడగలేదు. కుర్చీ లాగి వేసింది.

నోటితో చెబితే మధ్యలో వంకర తిప్పుతానని నాకు తెలుసు. అందుకే గాజులతో సహా అంతా ముందే రాసుకుని వెళ్ళాను. ఆ కాగితం ఇచ్చాను. కళ్ళజోడు తెచ్చుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. ఏదో అంది. పళ్ళు లేని నోరు, నాకు పెదవులు అందలేదు. నోటుబుక్కు ఇస్తే ఇలా రాసింది: "నాకు తెలుసు. నీ చేతులు పైటలో ఉన్నాయి." ఇంకేమీ రాయలేదు. క్షమించానని రాయలేదు, నేనూ అడగలేదు.

తరవాత పొయ్యి మీద పాలు పెట్టింది, నాకు కాఫీ ఇవ్వాలని కాబోలు. ఇంతలో వీధి తలుపు దగ్గరికి ఎవరో వచ్చినట్టున్నారు, లేచింది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, నా భుజం తట్టి, పొయ్యి వైపు చూపించింది. వెళ్ళలేదు, నా మొహం చూస్తూ అక్కడే నిలబడింది.

"చూస్తున్నాను" అన్నాను.

అప్పుడు వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేదాకా గిన్నె మీంచి చూపు తిప్పలేదు ఏంజెల్. పాలు పొంగలేదు.

అత్తయ్య.